గోల్‌పోస్టు వెనక సీటు

ముసలాయన దగ్గాడు.

టైలరు చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మడతపెట్టిన చొక్కాలను గబగబా అవతలికి జరిపాడు. ఒళ్లు జలదరించింది అతనికి.

"చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చుగా పెద్దాయనా."

"పెట్టుకున్నాను బాబూ."

నిజమే, పెట్టుకునే దగ్గాడు. అయినా టైలరుకి రోత తగ్గలేదు.

ఆ దగ్గు అతనికి కొత్త కాదు. మూడు సీజన్లుగా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ గోల్‌పోస్టు వెనక మొదటి వరసలో వినపడిన దగ్గే అది. అక్కడి సీట్లన్నీ అభిమాన సంఘానివి. సంఘానికి అధ్యక్షుడు టైలరు, జెండాలు కుట్టేదీ అతనే. హాఫ్ టైం తర్వాత తమ గోల్‌కీపర్ ఎటు మారితే వీళ్లంతా డ్రమ్ములు మోసుకుని అటే మారతారు. అవతలి జట్టుకి కార్నర్ వచ్చిందంటే మాత్రం డ్రమ్ములు ఆపేసి ఊపిరి బిగబడతారు. అది వాళ్ల ఆచారం. సరిగ్గా ఆ నిశ్శబ్దంలోనే ఈయన ఖళ్లుమనేవాడు.

కిందటి నెల ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. తప్పెవరిదా అని వెతికితే దగ్గు దొరికింది. కీపర్ ఏకాగ్రత చెడుతోందని సంఘం తీర్మానం చేసి, ముసలాయన్ని మైదానం అవతలి మూలకి తోలేసింది.

ఆ తర్వాత నాలుగు మ్యాచ్‌లు జరిగాయి. తమ వలలో తొమ్మిది గోల్స్ పడ్డాయి.

దుకాణంలో ఇప్పుడు నలుగుతున్నదీ ఆ సంగతే.

"ఫామ్ పోయిందయ్యా వాడికి," అన్నాడు బస్సు కండక్టరు.

"ఫామ్ కాదు, కాన్ఫిడెన్స్," అన్నాడు లెక్కల మాస్టారు. "తొమ్మిదిలో ఏడు కార్నర్ల మీదే పడ్డాయి. బంతి గాల్లోకి లేస్తే చాలు, ముందుకి రావాలో ఆగాలో వాడికే తెలీదు."

"భయమేస్తోందేమో," అన్నాడు ముసలాయన మెల్లగా.

"భయమేస్తే ఇంట్లో కూర్చోమనండి." టైలరు దారాన్ని పళ్లతో తెంపి ఉమ్మేశాడు. "వాడు కీపర్ కాదు, చిల్లు జేబు. వేసింది వేసినట్టు జారిపోతుంది. వాడి మొహం చూస్తేనే కడుపులో తిప్పుతోంది నాకు."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఆ మాట విన్నాక నోరు మూసుకున్నాడు.

"ఇంతకీ ఏం పని మీద వచ్చారు?" అన్నాడు టైలరు.

"ఆదివారం ఆఖరి మ్యాచ్ కదా బాబూ. ఇందులోనూ ఓడితే కీపర్‌ని తీసేస్తామన్నారట. ఆ ఒక్కరోజూ నా పాత చోట కూర్చోనిస్తారేమోనని."

"ఉన్న కష్టాలు చాలవనా? మీ దగ్గు కీపర్‌కి అడ్డం."

"అడ్డమని అతను చెప్పాడా?"

"చెప్పాలా? మాకు చెవుల్లేవా?"

మాస్టారు కిసుక్కున నవ్వాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకంటున్నారయ్యా నిన్ను."

టైలరు మొహం మాడిపోయింది. తాను మరీ అంత చెడ్డవాణ్ని కాదని చూపించుకోవాలనిపించింది.

"సరే. ఆటయ్యేదాకా ఒక్కసారి కూడా దగ్గనని మాటివ్వండి. సీటిస్తాను."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"అది మాత్రం కుదరదు బాబూ."

కండక్టరు పగలబడి నవ్వాడు. ముసలాయన అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆయన కూర్చున్న స్టూలుని టైలరు పీలికగుడ్డతో రెండుసార్లు తుడిచి, ఆ గుడ్డని కొసలతో పట్టుకుని బయటపడేశాడు.

ఆదివారం ఎనభై ఏడో నిమిషం దాకా చెరొక గోలుతో సమంగా ఉన్నారు. అప్పుడు అవతలివాళ్లకి కార్నర్ వచ్చింది.

డ్రమ్ములు ఆగాయి. దోమ ఎగిరినా వినపడేంత నిశ్శబ్దం. దగ్గు గోల లేకుండా ఆచారం సక్రమంగా జరుగుతోందని టైలరు తృప్తిపడ్డాడు.

బంతి గాల్లోకి లేచింది. కీపర్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆగాడు. బంతిని వదిలేసి, తల తిప్పి వెనక వరసలకేసి చూశాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి బంతి వలలో ఉంది.

"ఛీ. బంతిని చూడమంటే మన మొహాలు చూస్తాడేంటి," అన్నాడు టైలరు. కీపర్ మీద అంత అసహ్యం అతనికి ఎన్నడూ కలగలేదు.

ఆట ముగిసింది. కాసేపటికి కీపర్ గ్లవ్స్ విప్పుకుంటూ కంచె దగ్గరికి వచ్చాడు. సంఘమంతా వీపు తిప్పుకుంది. టైలరొక్కడే, నాలుగు కడిగి పంపిద్దామని నిలబడ్డాడు.

"రేపట్నించి రానక్కర్లేదన్నారన్నా," అన్నాడు కీపర్. "పోనీలెండి. ఇక్కడ దగ్గుతూ కూర్చునే పెద్దాయన ఇవాళ కూడా రాలేదా?"

"ఆయనతో నీకేం పని?"

"మోకాళ్ల నొప్పులు, కొన్నాళ్లు రాలేనని కబురు పంపారు. ఇవాళైనా వస్తారనుకున్నాను."

అంటే ముసలాయన తమ మీద ఒక్క ముక్క చెప్పలేదు. టైలరు నోటిదాకా వచ్చిన తిట్లు అక్కడే ఆగిపోయాయి.

"మేమే పంపించేశాం," అన్నాడు. "ఆ దగ్గు నీ ఆటకి అడ్డమని."

కీపర్ అతని మొహంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదుంటే బాగుండేదనిపించింది టైలరుకి.

"తలకి దెబ్బ తగిలినప్పట్నించీ గాల్లో బంతికి నా కాళ్లు కదలవన్నా," అన్నాడు కీపర్. "ఒక్కసారి దగ్గితే ముందుకెళ్లమని, రెండుసార్లు దగ్గితే ఆగమని మూడేళ్లుగా నా వెనక కూర్చుని చెబుతున్నది, పదేళ్లప్పుడు నాకు గోలు కాయడం నేర్పిన మా గురువుగారు."