ఉడుముకి పెరుగన్నం

"మీ ఇంట్లో ఉడుము ఉందట కదమ్మా, ఒకసారి చూడొచ్చా?"

తలుపు తీసిన శశికళ తెల్లబోయింది. ఎదురుగా ఓ పెద్దాయన. పొడుగు కోటు, కనుబొమల దాకా దించిన మంకీ టోపీ. పక్క వీధిలో జగన్మోహన్ ఇంటికి ఇండియా నుంచి వచ్చారట.

అది 1981. అమెరికాలో, అందులోనూ అరోరా లాంటి ఊళ్ళో తెలుగు మాట వినపడటమే అపురూపం. కాదనలేక లోపలికి రమ్మంది.

ఉడుము ఆమె కూతురు నళినిది. పెట్ షాపులో ముచ్చటపడి కొనిపించుకుని చార్లీ అని పేరు పెట్టుకుంది. ఇప్పుడది పొట్ట ఉబ్బిపోయి గాజుపెట్టెలో ఓ మూల పడి ఉంది. డాక్టరేమో కుక్కలూ పిల్లులూ తప్ప చూడనన్నాడు. నళిని ఏడుస్తూ స్కూలు కూడా మానేసింది.

"ఏం పెడుతున్నారమ్మా?"

"పెరుగన్నమండి. మా ఇంట్లోకి నీచు రాదు. కడుపు చల్లగా ఉంటుందని నేనే కలిపి పెడుతున్నా."

పెద్దాయన పెట్టెలోకి వంగి చూశాడు. అడుగున అందం కోసం పోసిన రంగు గులకరాళ్ళు. వాటికి అంటుకుని ఎండిన మెతుకులు.

"మెతుకుతో పాటు రాయీ మింగింది పాపం. మా కొండ మీద ఇవి మట్టిలో బొరియలు తవ్వుకుంటాయి. పురుగులూ గుడ్లూ తింటాయి. ఆ రాళ్ళు తీసేసి మట్టి పోయండి. గోరువెచ్చటి నీళ్ళలో ఉంచుదాం."

"చార్లీ డై అయిపోతాడా, తాతా?" నళిని వెక్కుతూ అడిగింది.

"మన ప్రయత్నం మనం చేద్దాం తల్లీ."

ఆ రోజు నుంచీ ఆయన రోజూ వచ్చాడు. నీళ్ళలో దాని పొట్ట మెల్లగా నిమిరేవాడు. కొన్నాళ్ళకి రాళ్ళు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మర్నాడు ఆయన కోటు జేబులోంచి గుడ్డు తీశాడు.

"అయ్యో, మా గడప దాటి రానివ్వకండి!"

"పెట్టె గరాజ్‌లోకి మార్చి అక్కడే కొడతానులే అమ్మా."

కొడుతుంటే ఆయన చేతులు వణికాయి.

శశికళ వంటింట్లోకి పరుగెత్తింది. "చూశారా ఆ ఆత్రం?" అంది మొగుడు రాధాకృష్ణతో. "మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉడుము కూరంటే పడి చచ్చేవాళ్ళు. దీన్ని మేపేది ఎందుకో నాకు తెలీదూ?"

"మెల్లగా మాట్లాడు, వింటాడు."

"విననీండి!"

ఆనాటి నుంచి ఆయన వచ్చి వెళ్ళేదాకా శశికళ గరాజ్ తలుపు దగ్గర కాపలా కాసింది. కుర్చీ కూడా వేసుకుంది. ఆయన మాత్రం రోజూ గుడ్డు తెచ్చి, కొట్టి పెట్టి, నవ్వుతూ వెళ్ళేవాడు.

ఓ రోజు నళిని కేక విని వెళ్ళి చూస్తే, చార్లీ మట్టిలో బొరియ తవ్వేసి, తల మాత్రం బయట పెట్టి, నాలుక ఆడిస్తోంది.

"అమ్మా, వాడు బతికాడు!" నళిని వచ్చి వాటేసుకుంది.

శశికళకి ఏడుపాగలేదు. ఆ మహానుభావుడు లేకపోతే పిల్ల ఏమైపోయేదో అనిపించింది. తన కాపలా తలుచుకుంటే సిగ్గేసింది. గబగబా పులిహోర చేసి గిన్నె నిండా పట్టుకుని జగన్మోహన్ ఇంటికి వెళ్ళింది.

"ఇంకెక్కడి ఆయనండీ! పొద్దున్నే ఫ్లైట్ ఎక్కించి వచ్చాం" అంది జగన్మోహన్ భార్య విజయశ్రీ.

"అయ్యో! మా చార్లీకి ప్రాణం పోశారు, థాంక్స్ అయినా చెప్పలేదు. గుడ్లూ మాంసం తినే ఆయనకి మా పులిహోర నచ్చుతుందో లేదో అనుకుంటూనే తెచ్చానండీ."

విజయశ్రీ ఆమె వంక వింతగా చూసింది.

"ఆయన మా ఊరి కొండ మీద అర్చకులండీ. ఇక్కడేదో గుడి ప్రతిష్ఠకి పిలిపిస్తే వచ్చి, దానికింకా రోజులుందని మా ఇంట్లో ఆగారు."

శశికళ పులిహోర గిన్నె మెల్లగా కింద పెట్టింది.

"గుడ్డు ముట్టిన చేత్తో స్వామికి నైవేద్యం పెట్టననేవారు, నైవేద్యం పెట్టనిదే తను ముద్ద ముట్టరు, మీ ఉడుము తిన్న రోజల్లా ఆయన పస్తేనండీ."