కదిలిన బంతి

జెండా పాతిన గుంత అక్కడ. గడ్డి అంచున బంతి ఇక్కడ. మధ్యలో ఆమె జాతకం.

గోల్ఫ్ పోటీల్లో రెండో రోజు సాయంత్రం కోత పెడతారు. పంటకి కోత, కరెంటుకి కోత మనం ఎరిగినవే. ఇది మనుషులకి కోత. బోర్డు మీద ఒక గీత గీస్తారు. తక్కువ దెబ్బల్లో ఆట ముగించి గీతకి పైనున్నవాళ్ళు మర్నాడు మళ్ళీ ఆడతారు, కిందున్నవాళ్ళు సంచి సర్దుకుంటారు. నుదుటి గీతనైనా నమ్మకపోవచ్చు గానీ, ఈ గీతని నమ్మి తీరాలి.

మగవాళ్ళ ప్రొఫెషనల్ పోటీలో ఆడటానికి వచ్చిన ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. ఇంతవరకూ ఏ ఆడమనిషీ ఇక్కడ ఆ గీత దాటలేదు. ఆడది ఆడటమేమిటని గొణిగినవాళ్ళకి ఆమె అక్క మొదటి రోజే జవాబు చెప్పేసింది.

"ఆడది ఆడక మగది ఆడుతుందా? పేరులోనే ఉంది కదండీ ఆట."

ఆ అక్కే ఆమె బ్యాగు మోస్తోంది.

క్లబ్బులో ఆడవాళ్ళకి బట్టలు మార్చుకునే గది లేదు. "కట్టినప్పుడు మీరొస్తారనుకోలేదమ్మా," అన్నాడు మేనేజరు, మజ్జిగలో ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా. రెండు రోజులూ కారు వెనక సీట్లోనే మార్చుకుంది. ఎండ నిప్పులు చెరుగుతుంటే మణికట్టు దాకా చేతులున్న చొక్కా తొడుక్కుంది.

"ఈ ఉడుకులో ఆ చేతులేంటే?" అంది అక్క.

"నల్లబడిపోతానక్కా."

"రోజంతా ఎండలో గుంతల వెంట తిరిగేదానివి, ఇప్పుడొచ్చిందా రంగు మీద బెంగ?"

ఆమె నవ్వింది. నవ్వు పెదాల దాకా వచ్చి, పని గుర్తొచ్చినట్టు వెనక్కి వెళ్ళిపోయింది.

ఆమె వెంట నడుస్తూ తన ఆట తాను ఆడుతున్నది ఒక మీసాలాయన. మొదటి రోజు, "నీ దెబ్బ అంత దూరం పోదేమోనమ్మా, ఓ నాలుగడుగులు ముందుకెళ్ళి కొట్టుకో," అని ఉదారంగా సలహా ఇచ్చాడు. ఆమె బంతి ఆయన బంతిని దాటి పోవడం మొదలయ్యాక ఆయన మీసం మెల్లగా నేలచూపులు చూసింది.

"ఈవిడకి తప్పు కొట్టడం రాదా?" అన్నాడు చివరికి.

"చిన్నప్పట్నుంచీ అంతేనండి," అంది అక్క. "తప్పు కొట్టవే అని బతిమాలినా దాని చెయ్యి తప్పదు."

గీతకి పైన ఇక ఒక్క చోటే మిగిలింది. అందులో ప్రస్తుతానికి ఉన్నది కిందటేడు గెలిచిన ఛాంపియన్. ఆట ముగించుకుని క్లబ్బు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, కారు తాళాలు వేలికి తగిలించి తిప్పుతూ. ఈ చివరి గుంత ఆమె ఇంకో రెండు దెబ్బల్లో ముగిస్తే చోటు ఆమెది. మూడైతే ఇద్దరూ సమానం. సమానమైతే మొదటి రోజు ఆట చూస్తారు. అందులో ఆయనదే పైచెయ్యి.

"కర్ర ఉన్నవాడిదే బర్రె అంటారు గురూ," అన్నాడు పక్కనున్న స్నేహితుడు. "ఇవాళ కర్ర ఆవిడ చేతిలో ఉంది. నీ పని అయిపోయేలా ఉందే."

ఛాంపియన్ నవ్వలేదు. ఓడిపోవడం ఆయనకి పడదు. ఓడిన మర్నాడు ఆయన సంచిలో ఒక కర్ర తక్కువుంటుందని బ్యాగులు మోసేవాళ్ళు చెప్పుకుంటారు. మైదానంలో విరగ్గొట్టగా మాత్రం ఎవరూ చూడలేదు.

"చూద్దాం," అన్నాడు. "నా సంగతి ఆవిడకి తెలుసు."

తాళాలు తిరగడం ఆగింది.

అక్క వెళ్ళి జెండా పట్టుకుంది. ఆమె బంతి దగ్గర నిలబడింది. జెండా వైపు చూసింది. ఒకసారి వరండా వైపు చూసింది. కర్ర కిందికి దించింది. అంతలోనే వెనక్కి అడుగేసి చెయ్యెత్తింది.

"బంతి కదిలింది. నా కర్ర తగిలింది."

రిఫరీ పరుగున వచ్చాడు. కర్ర తగిలి బంతి కదిలితే ఒక దెబ్బ శిక్ష.

"ఎవరైనా చూశారా?"

మీసాలాయన తన బంతి చూసుకుంటున్నాడు. అక్క జెండా చూస్తోంది. కెమెరా వరండాలో ఛాంపియన్ మొహం మీద ఉంది. అయితే ఈ ఆటలో దొంగా, పోలీసూ, జడ్జీ అందరూ ఆడేవాళ్ళే. సాక్షి అక్కర్లేదు. ఆడినమాటే తీర్పు.

"ఆలోచించుకోమ్మా," అన్నాడు రిఫరీ, ఎందుకో గొంతు తగ్గించి. "గాలికి గడ్డి ఊగిందేమో."

"గాలి లేదండి."

తర్వాత ఆమె ఒక దెబ్బ కొట్టింది. బంతి గుంత పక్కకి వెళ్ళి నిలబడింది. ఇంకో దెబ్బకి లోపల పడింది. సరిగ్గా రెండు. శిక్షతో మూడు.

బోర్డు మీద ఆమె పేరు గీత కిందికి జారింది.

చప్పట్లు ఆగలేదు. మీసాలాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళుగా ఆడుతున్నానమ్మా. ఇంత నిజాయితీ చూళ్ళేదు." వచ్చే ఏడాదికి ఆడవాళ్ళకి గది కట్టిస్తానని మేనేజరు అక్కడికక్కడే ప్రకటించాడు. ఆటలో చోటు పోయినందుకు గదిలో చోటు దక్కింది.

అక్కాచెల్లెళ్ళు కారు దగ్గరికి నడిచారు. తాళం వేసి ఉంది. అక్క బ్యాగు కింద పడేసింది.

"నోటి దాకా వచ్చింది నేలపాలు చేశావు. నిజం చెప్పవే. నేను బంతి చూళ్ళేదు. కదిలిందా?"

ఆమె చొక్కా చేతిని మణికట్టు కిందికి లాక్కుంది. ఛాంపియన్ ఈల వేసుకుంటూ, తాళాలు తిప్పుకుంటూ తిన్నగా ఆ కారు వైపే వస్తున్నాడు.

"కదల్లేదక్కా," అంది ఆమె, కారు తాళం తెరుచుకున్న చప్పుడులో కలిసిపోయేంత నెమ్మదిగా, "నీ మరిది ఓడిపోయి ఇంటికొచ్చిన రోజు కదల్లేకపోయేది నేను."