అప్పలస్వామి గురి

"కుడికి నాలుగు అంగుళాలు" అంది మహతి, దుర్భిణి నుంచి కన్ను తీయకుండా.

కృష్ణయ్య రైఫిల్ స్కోపు మీదున్న చిన్న చక్రాన్ని టిక్కుటిక్కుమని ఎడమకు తిప్పాడు. మళ్ళీ మూడు తూటాలు పేల్చాడు.

"ఇప్పుడు?"

"రెండున్నర. ఇంకా కుడికే పోతోంది అంకుల్."

ఆ రైఫిల్ మహతి తండ్రి అప్పలస్వామిది. ఎనభై ఏళ్ళనాటి మిలిటరీ తుపాకి, స్కోపూ అప్పటిదే. ఆయన పోయి ఇరవై రోజులైంది. సింగపూర్‌లో తుపాకి ఇంట్లో పెట్టుకునే వీల్లేదు కాబట్టి అది మొదటినుంచీ ఈ షూటింగ్ క్లబ్బు స్టోరులోనే ఉంది. ఆ స్టోరు తాళాలు ఆయన స్నేహితుడు కృష్ణయ్య దగ్గర ఉంటాయి. గురి సరిగ్గా కుదిరితే రైఫిల్‌ను క్లబ్బే ఉంచుకుంటుంది. కుదరకపోతే పోలీసులకు అప్పగించేయాలి, వాళ్ళు కోసి ముక్కలు చేస్తారు.

మహతికి ఏడుపు రాలేదు. అంత్యక్రియల రోజు కూడా రాలేదు. చెవులకు పెట్టుకున్న మఫ్‌లు తీసేసినా లోకం ఎక్కడో దూరంగానే వినిపిస్తోంది.

చక్రం ఇక తిరగలేదు.

"చివరికొచ్చేసిందమ్మా."

"నాన్న కూడా ఇదే చెప్పేవారు. చివరిదాకా తిప్పినా కుడికే పోతోందని. స్కోపుది తప్పు కాదు, నా చూపే పోయిందని మూడుసార్లు కళ్ళద్దాలు మార్చారు. మీకు తెలుసుగా."

"తెలుసు."

"ఆస్ట్రేలియా టోర్నమెంట్ సెలక్షన్ పోయాక మళ్ళీ పోటీకే దిగలేదు. ఆయన ప్లేసులో మీరు వెళ్తుంటే మాత్రం ఎంత హ్యాపీయో! హౌగాంగ్‌లోని ఇంటి నుంచి మీకోసం పులిహోర కట్టించుకుని చాంగి ఎయిర్‌పోర్టుకు వచ్చారు."

"ఆ పులిహోర బాగుండింది" అన్నాడు కృష్ణయ్య.

రైఫిల్‌ను బల్లమీద పడుకోబెట్టి, స్కోపును పట్టి ఉంచే దిమ్మ మరలు విప్పాడు. దాని కింద ఒక పక్కన గోరంత ఇత్తడి రేకు ఉంది.

"ఏంటంకుల్ అది?"

"ఇది ఉంటే స్కోపు వంకరగా కూర్చుంటుంది."

మహతి దాన్ని వేలిమీద పెట్టుకుని చూసింది. "నాన్నే ఏదో రిపేరు చేసి మరిచిపోయుంటారు. ఇంట్లో ఫ్యాన్ ఊగితే అట్టముక్కలు దోపేవారు."

కృష్ణయ్య రేకు లేకుండా మరలు బిగించాడు. చక్రాన్ని మధ్యకు తెచ్చాడు. మూడు తూటాలు పేల్చి, నాలుగైదు టిక్కులు సరిచేసి, మళ్ళీ మూడు పేల్చాడు.

మహతి దుర్భిణిలోకి వంగింది. నల్ల చుక్క నడిమధ్యన మూడు చిల్లులు ఒకదాన్నొకటి తాకుతున్నట్టు ఉన్నాయి. చాలాసేపు అలాగే చూసింది.

"అంటే... నాన్న చూపు బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉందమ్మా. నాకంటే బాగుండేది."

"ఈ మాట ఆయనకు బతికుండగా తెలిసుంటే చాలేది అంకుల్." ఇరవై రోజుల్లో మొదటిసారి ఆమె కళ్ళు తడిశాయి. కృష్ణయ్య చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "థ్యాంక్స్. మీరు లేకపోతే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు."

ఆ చెయ్యి చల్లగా, కదలకుండా ఉండిపోయింది.

సెలక్షన్‌కు ముందురోజు ఆ రేకును అక్కడ పెట్టింది ఆ చెయ్యే.