ఇద్దరిలో ఒకరు

పోస్టు డబ్బా నోట్లో చెయ్యి పెట్టి, మళ్ళీ బయటికి తీసింది మ్యూరియల్ పెగ్.

ఇది నాలుగోసారి.

చేతిలో కవరు. కవరులో ఓటు కాగితం. కాగితం మీద రెండు పేర్లు. ఏ పేరు పక్కనా గుర్తు లేదు.

ప్రధానమంత్రి దిగిపోతున్నారు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో పార్టీ సభ్యులు తేల్చాలి. మొదట పదిమంది నిలబడ్డారట. ఎంపీలు తమలో తాము ఓట్లేసుకుని, విడతకి కొందరిని ఏరేసి, ఇద్దరిని మిగిల్చి సభ్యుల ముందు పెట్టారు. ఆ ఏరివేతలు జరిగేటప్పుడు మ్యూరియల్ స్ట్రాబెర్రీ జామ్ పనిలో ఉంది. పట్టించుకోలేదు.

ఐదింటికి టపా బండి వస్తుంది. ఇవాళ పోకపోతే గడువు దాటిపోతుంది.

వెనక ఒకాయన నిలబడి ఉన్నాడు. బట్టతల, వానకోటు, చేతిలో పోస్టుకార్డు. ఊరికి కొత్త.

"అయ్యో, మీరు వేసుకోండి," అంది మ్యూరియల్.

"పర్వాలేదండీ. మీరు ముందొచ్చారు."

"నేను వెయ్యడం లేదు. ఆలోచిస్తున్నాను."

"అయితే ఆలోచన కానివ్వండి."

కార్డు పడెయ్యడానికి క్షణం చాలు. అయినా వరస వరసే. ఆయన కదల్లేదు.

ఆయన వెనక నార్మన్ టిబ్స్ వచ్చి నిలబడ్డాడు. పడవ అమ్మేసిన పాత చేపలవాడు. అతని వెనక జున్ను కొట్టు జిలియన్.

"ఏంటాలస్యం?" అన్నాడు నార్మన్.

"ఎవరికెయ్యాలో తెలియడం లేదు."

"లాంగ్రిజ్‌కి వెయ్యి. తలుపు బద్దలుకొట్టయినా మనల్ని యూరప్‌లోంచి బయటికి లాక్కొస్తాడు."

"తలుపు బద్దలైతే చలిగాలి నీ ఇంట్లోకి రాదా, నార్మన్?" అంది జిలియన్. "ఫెయిర్‌బ్రదర్‌కి వెయ్యి, మ్యూరియల్. ఆయనా బయటికే అంటున్నాడు గానీ, కనీసం బూట్లేసుకుని వెళ్దామంటున్నాడు."

"నీ ఫ్రెంచి జున్ను ఖరీదవుతుందని నీ ఏడుపు."

"నీ చేపలు ఇన్నాళ్ళూ కొన్నదెవరట? ఆ ఫ్రెంచివాళ్ళు కాదూ?"

యూరప్‌లో ఉండాలా, బయటికి రావాలా అని బ్రెగ్జిట్ ఓటింగు జరిగి మూడేళ్ళయింది. అప్పట్నించి ఎదురుపడితే ఇద్దరూ రోడ్డు దాటి అటు పోయేవాళ్ళు. వరసలో ఇరుక్కున్నారు గనక ఇవాళ ఎటూ పోలేకపోయారు.

మ్యూరియల్ కళ్ళు తుడుచుకుంది.

"మా ఇంట్లోనూ ఇదే. నేను బయటికని వేశాను, మా ఆయన క్లిఫర్డ్ లోపలే ఉందామని వేశాడు. అప్పట్నించి వంటింట్లో రెండు కెటిళ్ళు. ఇప్పుడు లాంగ్రిజ్‌కి వేస్తే వాళ్ళక్క ఇంటికి పోతానంటున్నాడు. ఫెయిర్‌బ్రదర్‌కి వేస్తే నా మనసు ఊరుకోదు. అబద్ధం చెబుదామంటే, జామ్‌లో పంచదార గురించి తప్ప ఆయనకెప్పుడూ చెప్పలేదు."

"మీరెందుకలా వేశారో ఆయన అడిగారా?" అన్నాడు కొత్తాయన.

"లేదు."

"ఆయనెందుకు వేశారో మీరడిగారా?"

"అరుచుకున్నాం. అడగడానికి వీలు చిక్కలేదు."

కొత్తాయన నార్మన్ వైపు తిరిగాడు. "మీ పడవ పేరేంటండీ?"

నార్మన్ తడబడ్డాడు. ఆ సంగతి అడిగినవాళ్ళే లేరు.

"మార్జరీ. మా అమ్మ పేరు. యూరప్‌వాళ్ళు చేపల వేట కోటా తగ్గించారు, అమ్మేశాను. కొన్నవాడు ముక్కలు చేసి పాత సామాన్లకి వేశాడు."

"నాకు తెలీదు, నార్మన్," అంది జిలియన్.

"నీకేం, నీ కొట్టు నడుస్తోంది."

"నా మొగుడు బెల్జియం వాడు. ముప్ఫై ఏళ్ళు ఇక్కడున్నాక, ఉండనివ్వమని దరఖాస్తు పెట్టుకోమన్నారు."

"యోస్‌నా? పబ్బు పోటీల్లో మా జట్టువాణ్ణా?" నార్మన్ నోరు తెరిచాడు. "వాడు లేకపోతే మేం గెలిచేదెట్లా?"

కొత్తాయన మెల్లగా అన్నాడు. "ఎవరు గెలిచినా సగం దేశానికి కోపం తప్పదు. ఆ సంగతి ముందే ఒప్పుకుని, తర్వాత ఆ సగంతో కూర్చుని మాట్లాడాలి."

"ఆ ఇద్దరిలో ఒక్కడైనా ఈ మాటన్నాడా?" అంది జిలియన్.

"అంటే గెలవరండీ."

మ్యూరియల్ జిలియన్ ఫోను అడిగి తీసుకుంది. ఇంటికి చేసింది. క్లిఫర్డ్‌తో నాలుగు నిమిషాలు మాట్లాడింది. మూడేళ్ళలో అదే ఎక్కువ.

"ఏమన్నాడు?" అంది జిలియన్.

"తనకీ ఏం తోచడం లేదట. ఎవరికి వేసినా వచ్చి కారణం చెప్పమన్నాడు. నీళ్ళు ఒకే కెటిల్‌లో పెడతానన్నాడు."

పెన్ను తీసింది. కాగితం పెట్టుకోవడానికి చోటు లేదు. గోడంతా వాన తడి.

కొత్తాయన డబ్బా మీద చేతులానించి వంగాడు. "నా వీపు మీద పెట్టుకోండి. ఎవరికో నాకు కనపడదు కూడా."

మ్యూరియల్ ఆ వీపు మీద కాగితం పరిచి, ఒక పేరు పక్కన గట్టిగా గుర్తు పెట్టింది. కవరు అంటించి డబ్బాలో పడేసింది.

తన వంతు వచ్చాక ఆయన కార్డు వేశాడు. అందరికీ దణ్ణం పెట్టినట్టు తల వంచి, బస్సు స్టాపు వైపు వెళ్ళిపోయాడు.

టపా బండి వచ్చింది. షెరిల్ దిగి డబ్బా తాళం తీసింది.

"నాకు ఓటుంటే అలాంటివాడికే వేద్దును," అన్నాడు నార్మన్.

"నేనూ," అంది జిలియన్. ఒకే మాట మీదికి వచ్చినందుకు ఇద్దరూ కాస్త కంగారుపడ్డారు.

"అలాంటివాళ్ళు ఎందుకు నిలబడరో!" అంది మ్యూరియల్.

షెరిల్ ఉత్తరాలు సంచిలోకి కుమ్మరిస్తూ బస్సు స్టాపు వైపు చూసింది.

"ఎవరు, ఆ వానకోటాయనా? పోయినేడాది దాకా నేను టపా పంచిన ఊరికి ఇప్పుడూ ఆయనే ఎంపీ. ఆ పదిమందిలో ఆయనా నిలబడ్డాడు కదా, మొదటి విడతలోనే ఏరేశారు, తొమ్మిది ఓట్లొచ్చాయి."