పై వాటా ఖాళీ లేదు

తుపాకుల కొట్టు యజమాని ప్రభుత్వ తనిఖీ ఫలితం చూపిస్తున్న కంప్యూటర్ తెరను, తుపాకీ కొనడానికి వచ్చినతని వైపు తిప్పాడు.

"చూడండి, పచ్చదీపం. మీ మీద కేసుల్లేవు, పిచ్చి సర్టిఫికెట్టూ లేదు. ప్రభుత్వం లెక్కలో మీరు కడిగిన ముత్యం," అంటూ తుపాకీ పెట్టెను చేతికిచ్చాడు.

"ఇంత త్వరగానా?"

"ఈ రోజుల్లో మనిషిని తేల్చేయడానికి ఎంతసేపండీ."

అతను గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "పై వాటా అద్దెకని బోర్డు చూశాను. ఇస్తారా?"

యజమాని కళ్ళజోడు సవరించుకుని అతన్ని అప్పుడే మొదటిసారి ఎగాదిగా చూశాడు.

"పెళ్ళయిందా?"

"విడిపోయాం."

"ఎందుకని?"

అతను పెట్టెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"పాత ఇల్లెందుకు ఖాళీ చేశావు?"

"పక్కవాళ్ళతో గొడవలయ్యాయి లెండి."

"అయితే కుదరదు బాబూ. పక్క వాటాలో మా అమ్మాయి, పిల్లలు ఉంటారు. ముక్కూ మొహం తెలీనివాణ్ణి ఎలా నమ్మమంటావు?"

"ఇందాక కడిగిన ముత్యాన్నన్నారుగా?"

"అది తుపాకీకి. ఇది ఇల్లు."

"సరేలెండి," అని అతను పెట్టెను చంకలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

తానన్న మాట అప్పటికిగానీ యజమాని చెవికెక్కలేదు. గబుక్కున తెర వైపు తిరిగాడు.

పచ్చదీపానికి మాత్రం అతని మీద ఏ అనుమానమూ లేదు.