నోరు లేని సరుకు

మూడో ఫ్యాక్టరీ శాంపిల్ కూడా కూయలేదు.

ఫోర్‌మన్ గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. చూడ్డానికి మాత్రం తెల్లగా, గుండ్రంగా, ముచ్చటగా ఉంది పొగ అలారం. గది పైకప్పుకి బిగిస్తే చాలు, పొగ సోకగానే సన్నగా, కీచుమని కూయాలి. బటన్ నొక్కితే ఎర్రలైటు టపటపా వెలుగుతోంది. కూత మాత్రం లేదు.

"ఏ రాయి అయితేనేం పళ్ళూడగొట్టుకోడానికి!" అంటూ దాన్ని బల్లమీద గిరాటేశాడు.

మిల్లులో ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడి రిటైరైన మనిషి. ఆ హోరులో అరిచి అరిచి, మామూలుగా మాట్లాడినా పోట్లాడినట్టే ఉంటుంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, వీధంతటికీ ఫోర్‌మన్ గారే. ఖాళీగా కూర్చోలేక విదేశాల నుంచి సరుకు తెప్పించి అమ్మే వ్యాపారం పెట్టాడు. ముందు గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, తలుపుకి బోర్డు. కొత్తగా కడుతున్న ఆసుపత్రివాళ్ళు భవనం మొత్తానికి పొగ అలారాలు సప్లై చెయ్యమన్నారు. అదే మొదటి ఆర్డరు. ఆసుపత్రి తెరిచేలోపు సరుకు దిగాలి.

దిగకపోతే? రంగుల కొట్టు బావమరిది ఉన్నాడుగా! "ఈ వయసులో నీకీ విదేశీ వ్యాపారాలెందుకు బావా? మా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చో, ఫ్యాను కింద హాయిగా ఉంటుంది" అని నలుగురిలో అన్నాడు. "నీ కొట్లో కూర్చునే ఖర్మ నాకింకా పట్టలేదు" అని ఈయనా నలుగురిలోనే అన్నాడు. ఇప్పుడు ఆ మాట నిలబడాలంటే ఈ ఆర్డరు నిలబడాలి.

అందుకే శాంపిళ్ళ గొడవ ఇంట్లో పొక్కనివ్వలేదు. భార్యకి చెప్తే సాయంత్రానికల్లా తమ్ముడి చెవిన వేస్తుంది.

మొదటి ఫ్యాక్టరీకి తిడుతూ రాశాడు. ప్రతి పీసూ పరీక్షించే పంపామని జవాబిచ్చారు. దొంగ సచ్చినోళ్ళు అనుకుని ఇంకో దేశం పట్టుకున్నాడు. అక్కడా అదే పాట. ఈ మూడోవాళ్ళు కాస్త మర్యాదస్తులు, పిలవగానే వీడియో కాల్‌లోకి వచ్చారు.

అవతల ఒక అమ్మాయి. ఆయన శాంపిల్‌ని కెమెరాకి దగ్గరగా పెట్టి బటన్ నొక్కి చూపించాడు, ఇదిగో నీ నిర్వాకం చూసుకో అన్నట్టు. ఆ అమ్మాయి మొహం చిట్లించి, వెంటనే బొటనవేలు పైకెత్తింది. "గుడ్! వెరీ గుడ్!"

"గుడ్డేమిటి నీ బొంద! చీటింగ్! ఆల్ చీటింగ్!" అని రంకె వేశాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. అమ్మాయి నవ్వు మొహం మాడిపోయింది.

"అబ్బబ్బబ్బా! ఇక ఆపండి మహాప్రభో, తల పగిలిపోతోంది!" వంటింట్లోంచి భార్య. "పైవాటా పసివాడు ఇప్పుడే నిద్రపోయాడనుకుంటే మళ్ళీ లేపారు!"

"వ్యాపారమన్నాక ఆమాత్రం గోల ఉంటుంది! నువ్వు తలుపేసుకో!"

ఆవిడ తలుపు వేసుకోలేదు. సంచీ తీసుకుని విసవిసా బజారుకి వెళ్ళిపోయింది. బల్ల కింద పడుకున్న కుక్క కూడా లేచి ఆవిడ వెనకే పోయింది. ఆఖరికి కుక్కకి కూడా తను లోకువైపోయాడని ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

బటన్ సంగతి సరే, అసలు పొగకైనా కూస్తుందేమో? ఆశ చావదు కదా. పాత పేపరు నలిపి గిన్నెలో వెలిగించాడు. పొగ లేచింది. ఎర్రలైటు వెలిగింది. చెవి దగ్గరగా పెట్టి చూశాడు, కూత లేదు. మిల్లు సైరన్ ఎలా ఉంటుందో తెలిసిన మనిషిని, నన్నా వీళ్ళు మోసం చేసేది!

పైవాటా ఆయన మెట్లమీంచి పరుగున వచ్చాడు. "ఏమైందండీ? ఏమైంది?" గిన్నె చూసి నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "మళ్ళీ పరీక్షలేనా? రోజూ ఇదే వరసైతే మేం కాపురాలు చేసేదెలాగండీ?"

"ఇంకెన్నాళ్ళో లేదులెండి" అన్నాడు ఫోర్‌మన్ గారు.

ఆయన వెళ్ళాక ఆసుపత్రికి ఫోన్ చేశాడు. "నావల్ల కావట్లేదండీ. వేరేవాళ్ళని చూసుకోండి." వాళ్ళు ఎందుకని కూడా అడగలేదు. వరసలో ఇంకొకరున్నారట.

తర్వాత బావమరిదికి చేశాడు.

"ఆ గల్లాపెట్టె దగ్గర కుర్చీ ఖాళీగానే ఉందా?"

ఎగతాళి వినడానికి ఒళ్ళంతా బిగించుకున్నాడు. "రా బావా, రేపట్నుంచే రా" అన్నాడతను మెల్లిగా. దానికంటే ఎగతాళి చేసినా బాగుండేది.

తలుపు మీద బోర్డు విప్పేశాడు. శాంపిళ్ళు తిప్పి పంపడానికి కొరియర్‌కి కబురు చేశాడు. అట్టపెట్టెలో సర్దుతూ సర్దుతూ, మనసొప్పక మిగిలిన పేపరు ముక్క వెలిగించి చివరిదానికి మళ్ళీ పొగ పట్టాడు. లైటు టపటపా వెలిగింది. అంతే.

"పో, మూగపీనుగా!" అని వెలుగుతున్నదాన్ని వెలుగుతున్నట్టే పెట్టెలో పడేసి టేపు వేశాడు.

కొరియర్ అతను వచ్చి గుమ్మం అవతలే ఆగిపోయాడు.

"అలా చూస్తావేం? తీసుకెళ్ళు. మళ్ళీ వీటి మొహం చూడదల్చుకోలేదు."

"తీసుకెళ్తా గానీ సార్, ముందు ఆ పెట్టెలో మోగుతున్నదాన్ని ఆపండి, వీధి మొదట్నుంచే చెవులు చిల్లులు పడుతున్నాయి!"