పాలపాము

కట్టెల మోపు లాగబోయిన మరిడమ్మ చేతిని ఏదో కరిచింది. ఆమె కేకకు పక్క గదిలోంచి తమ్ముడు దాసు పరుగెత్తుకొచ్చాడు. కట్టెల కింద నల్లటి పాము. ఒంటి నిండా తెల్లటి కట్లు. ఒక్క దెబ్బతో చంపి వాకిట్లో పడేశాడు.

వరద నీళ్లు మలయా రబ్బరు తోట గట్టు దాటాయి. తెలుక్ ఆన్సన్ పట్నంలోని ఆసుపత్రికి వెళ్లడానికి పడవలు లేవు. దొర మోటారు బోటు కూడా కొట్టుకుపోయింది. దాసు కూలీల ఇళ్ల లైను చివరికి వెళ్లిన బావ పైడయ్య కోసం పరుగెత్తాడు. కూలీ లైనులో ఎవరింట పాము దూరినా పైడయ్యనే పిలుస్తారు. విషం ఉందో లేదో ఆయన చెబితే ఇక తిరుగులేదు.

పైడయ్య వచ్చి, పామును పుల్లతో తిరగేసి చూశాడు. దాని మీద తట్ట బోర్లించి, నవ్వుతూ లోపలికి వెళ్లాడు.

“నా పేనం పోతంటే నవ్వుతావేటి మావా?”

“పాలపామేనే పిరికిదానా! దీనికి విసం నేదు.”

“కట్లపాములాగే ఉంది గదా?”

“అలాగుంటాదనే జనం సంపేస్తారు. నల్లటి ఒంటి మీద పాలు ఒలికినట్టు సారలు. తోక కాడికొచ్చీసరికి మాసిపోతాయి. పగలంతా కట్టెల్లో పడుకుంటాది. రేత్రి అటాపు ఆకుల కప్పెక్కి బల్లుల్ని తింటాది. ముట్టుకుంటే కరుస్తాది గానీ, ముల్లు గుచ్చుకున్నట్టే.”

“సూడరా దాసూ, మీ బావకి పెళ్లాం కన్నా పాముల ఊసులే ఎక్కువ!”

గుమ్మంలో నిలబడ్డ దాసుకు గుండె కుదుటపడింది. ఏ పాపం ఎరగని జీవాన్ని చంపానే అని బాధ కూడా కలిగింది.

“కళ్లు మూతలు పడతన్నాయి మావా.”

“బయానికి అలిసిపోనావు. పడుకో.”

ఆమె తల ఒళ్లో పెట్టుకుని పైడయ్య చెబుతూనే ఉన్నాడు. పాలపాము గుడ్లు ఎక్కడ పెడుతుందో, దాని పిల్లలు ఎంత సన్నగా ఉంటాయో, చంటిపిల్లకు కథ చెప్పినట్టు చెప్పాడు. ఆమె ఊ కొట్టింది. కాసేపటికి ఊ కొట్టడం మానేసింది. ఆయన మాత్రం చెప్పడం ఆపలేదు.

వాన వెలిసింది. దాసు పామును పూడ్చడానికి గుంట తవ్వుతుంటే పైడయ్య బయటికి వచ్చాడు.

“అక్క పడుకున్నాదా బావా?”

పైడయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

“అది కట్లపామురా దాసూ, పడవ సూస్తే నేదు, మీ అక్కకి ఇంకేటి సెప్పను?”